వట్టి రోలు చప్పుడు

నా మనవరాలు యూనివర్సిటీలో నాట్యం చదువుతానన్నప్పుడు నాకు గిట్టలేదు. కాళ్లాడించడానికి చదువెందుకని కొడుకును నిలదీశాను. ఆఖరి ఏడాది పిల్లలు ఎవరి ఆట వాళ్లే కట్టి జనం ముందు ఆడించి చూపాలట. మా పిల్ల జొన్నలు దంచే ఆడవాళ్ల మీద కట్టింది. వాళ్ల పంతులమ్మ చూసి, చేతులు తిరుగుతున్నాయి గానీ ఇందులో పని లేదు, పదిరోజుల్లో బాగు చేయకపోతే తీసేస్తానందట. పిల్ల ఏడుపు ముఖం వేసుకుని చిట్యాల దగ్గరి మా ఊరికి వచ్చింది.

ఏడ్చేవాళ్లకు నేను పని చెప్తాను. ఆడి చూపమన్నాను. పెరట్లో రాతిరోలు దగ్గర నిలబడి, రోకలిని ఈగను కొట్టినట్టు కొట్టింది. రోకలిని కొట్టకూడదు, ఎత్తి వదలాలి. దాని బరువే దంచుతుంది. లేచేటప్పుడు చెయ్యి మార్చుకుంటే రెక్కలు నొయ్యవు. నాలుగు రోజులు దంచించాను. అరచేతులు బొబ్బలెక్కితే పసుపు రాసి మళ్లీ దంచమన్నాను. దంచినదంతా గటుక వండి తిన్నాం. ఒక్క గింజ పారబోయనీయలేదు.

ఐదోనాడు గింజలు తోడేశాక కూడా, చెయ్యి కుదిరిన సంబరంలో రోకలి వదిలింది. రోకలి మొనకున్న ఇనుప పొన్ను రాయికి తగిలి ఖంగుమంది. నా చూపు బాటమీదికి పోయింది.

"ఆపు పొల్లా. వట్టి రోలు దంచుతరా ఎవరన్న?"

"ఏమైతది అవ్వా? అరిష్టమా?"

"అరిష్టం గాదు. రజాకార్లు వస్తున్నరని గుర్తు."

అంతవరకు వచ్చాక చెప్పక తప్పలేదు. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. బడికి పోయింది మూడు నెలలే. ఆ గొడవల్లో అదీ మూతపడింది. మా ఇల్లు ఊరికి మొదట్లో ఉండేది. బాటమీద దుమ్ము లేస్తే అరవడానికి లేదు, ఉరకడానికి లేదు. మా అమ్మ రోట్లో జొన్నలు చేటలోకి తోడేసి ఉత్త రోలు దంచేది. గింజలున్న రోలు మెత్తగా పలుకుతుంది. వట్టి రోలు ఊరవతలికి వినబడుతుంది. అది విని పక్కింటామె, ఆమెను విని అవతలి ఇంటామె అందుకునేవాళ్లు. మగవాళ్లు గుట్టలెక్కేవాళ్లు, గింజలు పాతరలోకి పోయేవి. నా పని చెల్లెలిని చంకనెత్తుకుని జొన్నచేలో దూరడం. రజాకార్లు గడప దాకా వచ్చేసరికి అమ్మ పిడికెడు జొన్నలు మళ్లీ రోట్లో పోసి, తలెత్తకుండా దంచుతూ ఉండేది. రజాకార్లు పోయి మిలిటరీ వచ్చాక కూడా ఆ చప్పుడు వెంటనే ఆగలేదు. గుట్టల్లో దాగినవాళ్ల కోసం ఈసారి ఆ మిలిటరీవాళ్లే వచ్చేవాళ్లు.

పిల్ల రోకలిని గోడకు ఆనించింది. ఇది ఆటలో పెట్టనా అని మెల్లగా అడిగింది.

"పెట్టు. కని మా అమ్మను ఏడిపియ్యకు. ఆమె ఏడ్వలేదు, దంచింది."

పంతులమ్మ మళ్లీ చూసి ఆట ఉంచిందని కబురొచ్చింది. రోలు బస్సు మీద ఎక్కించాం. వెంట నేనూ ఎక్కాను, రోలు భద్రం కోసమని చెప్పి.

యూనివర్సిటీ హాల్లో స్టేజీ మీద ఆరుగురు ఆడపిల్లలు, ఎవరు తెచ్చుకున్న రోలు ముందు వాళ్లు. మెత్తటి దంపు సాగుతుండగా మా పిల్ల బాటవైపు చూసి, గింజలు చేటలోకి తోడింది. రోలు ఖంగుమంది. నేను లేచి నిలబడ్డాను. ఎడమచెయ్యి నడుము మీదికి పోయింది, చెల్లెలు చంకలో ఉన్నట్టు.

"కూసో అవ్వా, కనబడతలేదు," అని వెనక ఎవరో అన్నారు.

కూర్చోలేదు. చప్పుడు ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఆఖరుకు మా పిల్ల పిడికెడు గింజలు రోట్లో పోసి, తలెత్తకుండా మెత్తగా దంచడం మొదలుపెట్టింది. ఆ వంగిన మెడ మా అమ్మదే. అప్పుడు కూర్చున్నాను.

చప్పట్లయ్యాక చెమటలతో ఉరికి వచ్చి ఎలా ఉందని అడిగింది.

"మూడో పిల్ల రోకలిని గుద్దుతున్నది, వదుల్తలేదు. దానికి చెప్పు," అన్నాను.

పిల్ల నవ్వింది. నా సంగతి దానికి తెలుసు.

రోట్లో జొన్నలు కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చాను. మరునాడు ఇంకొన్ని కలిపి గటుక వండి మా వాడకట్టులో ఇంటింటికీ పంచాను. నా చేతిమీదుగా ఊరికే ఏదీ పోదని తెలిసినవాళ్లు, ఏంది సంగతని అడిగారు. నాట్యం చదివే నా మనవరాలు దంచిందని చెప్పాను.