హేరోదుకు తొడిగిన షేర్వాణీ

హృదయాలను తూచే దేవునికి స్తోత్రం. నా నోట మాట పుట్టకముందే అది నిజమో కాదో ఎరిగిన ప్రభువుకు మహిమ.

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. ప్రార్థనలో అన్నీ చెబుతాను. దాని దగ్గరికి వచ్చేసరికి ఆమేన్ అనేస్తాను. మొదటిసారి మీకు చెబుతున్నాను.

మందమర్రిలో మా సంఘానికి నేను సండే స్కూల్ టీచర్ని. ఆ ఏడు క్రిస్మస్ నాటకం నాకు అప్పగించారు. పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు వేషం ఎలా ఉండాలో తోచలేదు. పిల్లలంతా అప్పుడే ఒక జానపద సినిమా చూసి వచ్చారు. అందులో మంచివాళ్లు తెల్లగా, బంగారు అంచుల్లో మెరుస్తారు. శత్రువు నల్లటివాడు. కళ్లకు సుర్మా, మీసం లేని గడ్డం. నేను ఇంకేమీ ఆలోచించలేదు.

మా వెనక లైను క్వార్టర్‌లో ఖాజా మామ ఉంటాడు. మా బాపుతో ఒకే షిఫ్టులో బొగ్గుబాయి దిగినవాడు. నాటకంలో రాజు వేషానికి కావాలని అడిగితే, తన పెళ్లినాటి నల్ల షేర్వాణీని ఇస్త్రీ చేసి, అత్తరు రాసి ఇచ్చాడు. దాన్ని హేరోదు వేషం వేసే యవ్వనస్థుడికి తొడిగాను. మొహానికి బొగ్గుపొడి రాశాను. నెత్తిన నమాజు టోపీ పెట్టాను. టోపీ ఎందుకు పెట్టాను? మత్తయి సువార్తలో హేరోదు రంగు లేదు, గడ్డం లేదు, టోపీ అసలే లేదు. ఆ సినిమాలో కూడా టోపీ లేదు. అది నాలోనే ఉంది.

పిల్లలు జడుసుకున్నారు. పెద్దలు మెచ్చుకున్నారు. ఖాజా మామకు ఆ రోజు సెకండ్ షిఫ్టు, రాలేకపోయాడు. వారం తర్వాత మా గేటు ముందు సైకిల్ ఆపాడు.

"బిడ్డా, గీ పోరగాళ్లు నన్ను జూస్తే హేరోదు సాబ్, హేరోదు సాబ్ అని ఉరుకుతుండ్రు. గాయనెవరు?"

"రాజు, మామా."

"మంచి రాజేనా?"

"పెద్ద రాజు."

ఆయన నవ్వాడు. "బాయిల బొగ్గు దవ్వెటోన్ని రాజును జేసిండ్రు. మీ అత్తకు జెప్త. ఇగనన్న జర ఇజ్జత్ ఇస్తది."

అబద్ధం ఆడలేదు కదా అని ఎన్నిసార్లు నాకు నేనే చెప్పుకున్నానో. హేరోదు రాజే, పెద్ద రాజే. కానీ ఆయన అడిగింది మంచి రాజా అని. ఆ ఒక్క మాటను నేను ఎంత నేర్పుగా దాటానో దేవునికి తెలుసు.

అప్పటినుంచి ఏటా డిసెంబర్‌లో ఆ షేర్వాణీ మూట ఆయనే తెచ్చిస్తాడు. ఏటా తీసుకుంటాను. అదే వేషం, అదే టోపీ. మొన్న ఆదివారం ఒక చిన్నపాప అడిగింది, "హేరోదు సాయబాయనేనా, టీచర్?" అని. ఎవరు చెప్పారే నీకు అని కసిరాను. చెప్పింది నేనే. ఇంటికొచ్చి సినిమావాళ్లను తిట్టుకున్నాను. వాళ్లు మూడు గంటలు చూపించి పోయారు. తొమ్మిదేళ్లుగా, అదీ దేవుని మందిరంలో, ఆడిస్తున్నది ఎవరు?

ఈ ఉదయం మూట మళ్లీ వచ్చింది. ఊడిన గుండీ కొత్తగా కుట్టించాడు. ఆయన ఈ ఏడే రిటైరయ్యాడు. అత్తను తీసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడట, తన రాజును చూడటానికి.

షేర్వాణీని బాలయేసుకు కానుకలు తెచ్చిన తూర్పు జ్ఞానికి తొడిగేస్తే సరిపోతుంది. ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఈ ఉపాయం నాకు వెంటనే తోచింది, అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

సాయంత్రం మూట పట్టుకుని ఆయన ఇంటికి వెళ్తాను. క్షమిస్తాడో లేదో తెలియదు. ఇది రాశాక మాత్రం ముల్లు కాస్త కదిలినట్టుంది.

మీరూ నాతో ప్రార్థించండి. నా క్షమాపణ కోసం వద్దు. మంచి రాజేనా అని ఆయన మళ్లీ అడిగితే, "కాదు మామా" అనే రెండు మాటలు నా నోట రావాలని.