ఓడిన రోజు మైకు పట్టుకున్న మనిషి

కిందటి సోమవారం పొద్దున యాప్రాల్‌లో మా ఇంటి ముందు బండి తుడుచుకుంటుంటే మా పాత గోల్‌కీపర్ ఫోన్ చేశాడు. "కోచ్ సారు పోయిండురా. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగిండంట, మల్ల లేవలే" అన్నాడు. మళ్లీ వాడే, "ఆదివారం గ్రౌండ్ల సంతాప సభ పెడుతున్నం. నువ్వు మాట్లాడాలె. ఆయన చేతికింద ఆడి పైకొచ్చినోనివి నువ్వే గద" అన్నాడు. సరేనన్నాను గానీ, వారమంతా ఆ మైకును తలుచుకుని భయపడ్డాను. ఎందుకో చెబుతాను. ముందు ఆయనెవరో చెప్పనివ్వండి.

మా శామీర్‌పేట ఫుట్‌బాల్ జట్టును తయారుచేసింది ఆయనే. తాను మాత్రం జన్మలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. వయసులో ఉన్నప్పుడు కంటోన్మెంట్ గ్రౌండులో సున్నంతో గీతలు గీసే పని చేసేవాడు. పని అయ్యాక అక్కడే కూర్చుని మిలిటరీ వాళ్ల ఆట చూసేవాడు. చూసి చూసి నేర్చుకున్నదే ఆయన చదువంతా. "ఆడేటోనికి బాల్ ఒక్కటే కనవడ్తది. సూసేటోనికి ఇరవై రెండు మంది కనవడ్తరు" అనేవాడు. పొద్దున పాలు పోసి, సాయంత్రం గ్రౌండుకు వచ్చేవాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. అందులో తిండి ఉంటుందని కొత్తవాళ్లు ఆశపడేవాళ్లు. ఉండేది ఐసు.

మావైపు టోర్నమెంట్లలో ఒక అలవాటుంది. మ్యాచ్ కాగానే కమిటీ వాళ్లు రెండు జట్ల కోచ్‌లనూ పిలిచి, రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిస్తారు. ఆ రెండు మాటల్లోనే చాలామంది అసలు రంగు బయటపడుతుంది. రెఫరీ అమ్ముడుపోయాడనేవాడొకడు, మా స్ట్రయికర్ కాళ్లకు గోరింటాకు పెట్టుకొచ్చాడనేవాడొకడు. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే సూట్లు వేసుకున్న విదేశీ మేనేజర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. గెలిస్తే నా ప్లాను, ఓడితే ఫలానా ఆటగాడు. మా సారు చొక్కా పై గుండీ పెట్టుకుని గానీ మైకు పట్టుకునేవాడు కాదు. గెలిచిన రోజు ఎవరూ చూడనివాడి గురించి చెప్పేవాడు. "మా లెఫ్ట్ బ్యాకు ఇయ్యాల బాల్ ముట్టింది తక్కువ, ఉరికింది మస్తు. ఆనికి చప్పట్లు కొట్టున్రి" అనేవాడు. మూడు గోల్స్ కొట్టిన నేను పక్కన మొహం మాడ్చుకుని నిలబడేవాణ్ని.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మైకుల నా పేరెందుకు జెప్పరు?"

"నీ పేరు ఊరంత జెప్తాంది. నేను గూడ జెప్పాల్నా?" అన్నాడు. ఆ తర్వాత నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఆ మ్యాచ్‌లో నేను చేసిన నాలుగు తప్పులూ పక్కవాడికి కూడా వినబడకుండా చెప్పాడు. "ఆటగాని తప్పు మైకుల జెప్పొద్దు, చెవుల జెప్పాలె. మైకుల జెప్తే రేపటిసంది ఆడు బాల్ అడగడు, దాసుకుంటడు" అన్నాడు.

ఇక నా భయం సంగతి. చాలా ఏళ్ల కిందటి మాట. మేడ్చల్‌లో ఫైనల్. జిల్లా సెలెక్టర్లు నన్ను చూడటానికే వస్తున్నారు. సారుకున్న నియమం ఒక్కటే, మ్యాచ్‌కు ముందురోజు ఎవరూ బంతి ముట్టకూడదు. నేను ముట్టాను. అత్వెల్లిలో మా మేనమామ వాళ్ల జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. మామ పిలిస్తే కాదనలేక పోయి ఆడాను. కుడి చీలమండ బెణికింది. తెల్లారి రెండు జతల సాక్సులు తొడిగి, ఎవరికీ చెప్పకుండా జట్టుతోపాటు మేడ్చల్‌లో బస్సు దిగాను.

"బస్సుల నుంచి ఎప్పుడు కుడికాలుతోని దుంకేటోనివి, ఇయ్యాల ఎడమకాలు పెట్టినవేంది?" అన్నాడు సారు. బస్సు చాటున షూ విప్పించాడు. కాలు బూరెలా ఉబ్బి ఉంది. యాడ ఆడినవంటే చెప్పాను. తిట్టలేదు. డబ్బాలోంచి ఐసు తీసి కాలికి కట్టి, పైన సాక్సు తొడిగించి, మిగతావాళ్లను పక్కకు తీసుకుపోయాడు. నాకు ఒంట్లో బాగాలేదా అని వాళ్లడిగితే, ఇవాళ ఆట మారుస్తున్నానని మాత్రం చెప్పాడట. మ్యాచ్‌కు అప్పటికి గంట కూడా లేదు.

ఆ రోజు మా జట్టు ముందు నిలబడి గోల్స్ కొట్టే స్ట్రయికరే లేకుండా ఆడింది; నా బదులు వచ్చినవాడూ వెనకే నిలబడ్డాడు. మేడ్చల్ వాళ్లు నన్ను ఆపడానికి ఇద్దరిని పెట్టుకున్నారు. ఆపడానికి మనిషే లేకపోయేసరికి ఆ ఇద్దరూ దిక్కులు చూశారు. మావాళ్లు వెనక నుంచి ఒక్కొక్కరే ఉరికొచ్చారు. ఒకసారి బంతి గోల్‌పోస్టుకు తగిలింది కూడా. చివర్లో ఒక కార్నర్ కిక్ కొంప ముంచింది. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. ఇప్పుడు పెద్ద పెద్ద జట్లు అదే ఆట ఆడితే ఆహా ఓహో అంటున్నారు. ఆనాడు మా ఊరు ఆయన్ను పిచ్చోడంది.

మైకు ఇచ్చారు. సారు గుండీ పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క మంచి స్ట్రయికర్ను ఎందుకు కూర్చోబెట్టారని ఒక పేపరు విలేకరి అడిగాడు. సెలెక్టర్లు ముందు కుర్చీల్లోనే ఉన్నారు. వేరే జట్టుకు ఆడి దెబ్బ దాచిపెట్టాడని ఒక్క మాట అంటే నా కథ అక్కడితో సరి. సారు నావైపు చూడను కూడా లేదు.

"కూసోబెట్టింది నేను. గది నా ఎత్తు. పారలే. పోరగాళ్లు మంచిగ ఆడిన్రు" అని మైకు ఇచ్చేశాడు.

నా కాలు బాగయ్యాక సెలెక్టర్లను తానే బతిమాలి తీసుకొచ్చి నా ఆట చూపించాడు. నేను జిల్లాకు ఆడాను, ఆ ఆటతోనే ఉద్యోగం వచ్చింది. ఆయన్ను మాత్రం మా జట్టు కమిటీ ప్రెసిడెంటు పటేలు, తిక్క ఎత్తుతో కప్పు పోగొట్టాడని కోచ్‌గా మాన్పించాడు. రెండేళ్ల తర్వాత జట్టు అధ్వానమైతే మళ్లీ పిలిచారు. ఆయన పిలవగానే వచ్చాడు. నేను మాత్రం నోరు విప్పలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు. ఒకసారి అందరికీ చెప్పేస్తానంటే, "నీ తప్పు నీకు ఎరుకైంది గద. ఇంకెవ్వనికెందుకు?" అని చాయ్ తెప్పించాడు.

నిన్న ఆదివారం సభలో చెప్పేశాను, మైకులోనే. అత్వెల్లి సంగతి, రెండు జతల సాక్సులు, అన్నీ. గోల్‌కీపర్ లేచాడు. వాడు నాలుగు తగిలించినా పడాలనుకున్నాను.

"అంటే, గా ఆటంత గంటల తయారుజేసిండారా?" అన్నాడు.

"గంట గూడ లేకుండె" అన్నాను.

వాడు నేరుగా పోయి గోల్ ముందు నిలబడ్డాడు. తర్వాత లెఫ్ట్ బ్యాకు పెరిగిన పొట్ట పట్టుకుని, ప్యాంటు మడిచి, తన చోటికి పోయాడు. ఆనాటి జట్టులో ఎనిమిది మంది వచ్చారు. ఆ ఫైనల్లో నిలబడ్డట్టే ఎవరి చోట్లో వాళ్లు నిలబడి, "గిక్కడ గాదురా, ఇంకింత ఎనుకకు" అని ఒకరినొకరు సర్దుకుంటున్నారు. అలాంటి మనిషి చేతికింద ఆడామని నాకు గర్వంగా అనిపించింది.

ముందు వరుసలో కూర్చున్న పటేలు చేతికర్ర ఊతంతో లేచాడు. ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు. "ముంగట ఎవ్వరు లేరేందిరా?" అని అడిగాడు.

"ఎవ్వరు లేకుండె పటేలా. గదే సారు ఆట" అన్నాడు గోల్‌కీపర్.

"గీ ఆటనా నేను తిక్క ఎత్తన్నది?" అన్నాడు పటేలు, ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ. తర్వాత చెప్పులు విడిచి, మెల్లగా గ్రౌండులోకి దిగాడు.