పుస్తకాల బాబాయి అడిగిన మూడో గడి

మా వీధిలో నెట్ బాగుచేసే ఆయన్ని అందరూ పుస్తకాల బాబాయి అంటారు. ఆయన చదివిన పుస్తకాల వల్ల వచ్చిన పేరు కాదది, మనచేత రాయించే పుస్తకం వల్ల వచ్చింది. నెట్ పోయిందని పిలిస్తే మిగతావాళ్ళు నిచ్చెన తెస్తారు. ఈయన గీతల నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెడతారు. పేజీకి మూడు గడులు గీస్తారు: ఎన్నింటికి పోయింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, పోయాక మీరేం చేశారు. వారం పాటు రాయమంటారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడానికి కొలతలు తీసే మనిషిలా ఉన్నాడే అని మొదటిసారి చూసినప్పుడే విసుక్కున్నాను.

నాకు వారం ఆగే ఓపిక లేదు. వాషింగ్ మెషిన్లు అమ్మే ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదుల కాల్స్‌ని నేను మా లోపలి గదిలో కూర్చుని తీస్తాను. పొద్దున్న తొమ్మిదికి చెవులకు హెడ్‌సెట్ తగిలిస్తే మళ్ళీ తీసేది సాయంత్రం ఆరుకే. మధ్యలో భోజనానికి అరగంట ఇస్తారు కానీ నేను తీసుకునేదాన్ని కాదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నా చేతికొచ్చిన మొదటి ఉద్యోగం ఇది. ఆ అరగంట కూడా పనిచేస్తే ఉద్యోగం గట్టిపడుతుందని నా ఆశ. తీరా చూస్తే రోజూ మధ్యాహ్నం రెండు దాటాక, అవతలి మనిషి మాట్లాడుతుండగానే లైను తెగిపోయేది. ఐదు నిమిషాలకు దానంతటదే వచ్చేది. పొద్దస్తమానం లోకానికంతటికీ "ఒకసారి స్విచ్ ఆపి మళ్ళీ వేయండి" అని చెప్పేదాన్ని, నా ఇంటి నెట్ పెట్టెకు మాత్రం ఏం చెప్పాలో తెలిసేది కాదు.

రెండు హెచ్చరికలు వచ్చాయి. మూడో ఉత్తరంలో తేల్చి చెప్పేశారు. నెలాఖరుకల్లా లైను బాగుచేయించుకోవాలి, ఆ తర్వాత ఒక్క కాల్ తెగినా నాతో పనిలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మా ఆయనకు చెబితే కంగారు పడతాడు, అత్తయ్యకు చెబితే నిద్ర మానేస్తుంది.

అప్పటికే ఇద్దరు వచ్చి వెళ్ళారు. ఒకరు వైరు మార్చారు, ఇంకొకరు పెట్టె మార్చారు. ఆఖరికి పుస్తకాల బాబాయి వచ్చారు. అరవైకి దగ్గరపడిన మనిషి, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంది. పని తేలేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. వస్తూనే హాల్లో బీరువా మీదున్న పెట్టెను చూసి తల కొట్టుకున్నారు.

"ఇనుప బీరువా మీద పెడితే సిగ్నల్‌కి అదే అడ్డం అమ్మాయ్. కింద చెక్క బల్ల మీద పెట్టుకో."

పెట్టెను దింపి, దాని లెక్కలన్నీ తన ఫోన్లో చూసుకుని, కాసేపు గడ్డం గోక్కున్నారు.

"లైను తెగితే ఎర్రలైటు వెలుగుతుంది, పెట్టె మాత్రం ఆరిపోదు. ఇదేమో నిన్న రెండింటికి మొత్తం ఆరిపోయి మళ్ళీ లేచింది. నువ్వు చూశావా?"

"లోపల పనిలో ఉంటాను బాబాయ్ గారూ, ఎలా చూస్తాను? కరెంటు పోయిందేమో."

"నీ ఫ్యాను ఆగిందా?"

ఆగలేదు. ప్లగ్గు లాగి చూశారు, బిగువుగానే ఉంది. ఇక నా చేతిలోకి పుస్తకం వచ్చింది.

మొదటి రోజు మూడో గడిలో "ఏం చేస్తాను, నా తలకాయ" అని రాసి కొట్టేశాను. తర్వాత బుద్ధిగా ఉన్నదున్నట్టు రాశాను.

శనివారం నాకు సెలవు. ఆ మధ్యాహ్నం బాబాయి వచ్చారు. అత్తయ్య హాల్లో కూర్చుని మా ఆయన చొక్కాకి గుండీలు కుడుతోంది. బాబాయి పుస్తకం చదివి, నాకే తిరిగి ఇచ్చారు.

"పైకి చదువమ్మాయ్. మూడో గడి వదలకుండా."

చదివాను. "సోమవారం, రెండూ పది. ఇంట్లో అత్తయ్య. పోయాక ఇద్దరం కలిసి తిన్నాం. మంగళవారం, రెండుంపావు. అత్తయ్య. పోయాక తిన్నాం. బుధవారం పోలేదు. అత్తయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది."

"ఆ రోజు ఏం తిన్నావు?"

"సాయంత్రం ఏడింటికి రెండు బిస్కెట్లు," అని, "గురువారం, రెండూ ఐదు. అత్తయ్య. పోయాక..." అని ఆగిపోయాను.

తలెత్తి చూస్తే అత్తయ్య చేతిలో సూది ఆగిపోయి ఉంది.

"నేనే ఆపుతున్నా," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేమైనా తెలుస్తోందా అత్తయ్యా? నా ఉద్యోగం పోయేలా ఉంది! మూడు ఉత్తరాలొచ్చాయి!"

అత్తయ్య ముఖం పాలిపోయింది. "నాకెవరు చెప్పారే ఆ సంగతి?" అంది మెల్లగా. "రెండుసార్లు తలుపు కొడతాను. చెయ్యి ఊపి పొమ్మంటావు. కంచంలోది చల్లారిపోతుంది. ఓ రోజు నిజంగానే నెట్ పోయింది. బయటికొచ్చి, నా పక్కన కూర్చుని, మళ్ళీ వడ్డించుకుని మరీ తిన్నావు. మర్నాడు పొద్దున్నించీ అదే కళ్ళలో మెదిలింది. స్విచ్ ఆపేసి, కాస్త ఆగి మళ్ళీ వేశా. తప్పయిపోయింది."

నాలుక చివర ఇంకా పది మాటలు ఉన్నాయి. అవి బయటికి రాకముందే, నేలమీద వైరు చుట్టుకుంటున్న బాబాయి తల ఎత్తకుండానే మొదలుపెట్టారు.

"పాత టెలిఫోన్లు బాగుచేసే రోజుల్లో, మా ఇంటి ఫోనే పనిచేయలేదు అమ్మాయ్. మా పైఅధికారులు ఫోన్ చేస్తే తగలదు, మాట పడతాను. రెండు రోజులు స్తంభాలెక్కాను. లైనంతా బంగారంలా ఉంది. ఇంటికొచ్చి చూస్తే రిసీవరు తీసి పక్కన పెట్టి ఉంది. మా ఆవిడ పనే. ఆదివారమైనా ఇంట్లో ఉంటానని. వీధంతా వినేట్టు తిట్టాను. అప్పట్నించే ఈ మూడో గడి గీస్తున్నా."

వైరు చుట్ట సంచిలో పెట్టుకున్నారు.

"ఇప్పుడు మా ఇంట్లో ఫోను ఎంతసేపైనా మోగుతుంది. తీసి పక్కన పెట్టే మనిషి లేదు."

నాకు సిగ్గేసింది. తొమ్మిది గంటలు ముక్కూ మొహం తెలియని వాళ్ళ మాటలు ఓపిగ్గా వింటాను, తలుపవతల నుంచి పిలిచే మనిషికి చెయ్యి ఊపుతాను. అత్తయ్య ఒళ్ళోంచి చొక్కా తీసి పక్కన పెట్టాను.

"రెండు దాటింది. వడ్డించండి అత్తయ్యా."

"మీరూ కూర్చోండి తమ్ముడూ," అంది అత్తయ్య. పని తేలింది కాబట్టి బాబాయి కాదనలేదు. ముందు రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగారు.

ఆ సోమవారం నుంచి నా అరగంట నేను తీసుకుంటున్నాను. అత్తయ్య ఆ స్విచ్ దరిదాపుల్లోకి వెళ్ళదు, అక్కడ దుమ్ము కూడా నన్నే తుడవమంటుంది. తర్వాతి నెలంతా ఒక్క కాల్ కూడా తెగలేదు. ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తరం వచ్చింది, నా పనిని మెచ్చుకుంటూ ఒకటిన్నర పేజీ. ఈసారి దాచలేదు, ముందు అత్తయ్య చేతికే ఇచ్చాను.

కొత్త కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"బాగుంది," అంది మడతపెడుతూ. "ఇంత రాశారు గానీ, వేళకి తింటున్నావా అని ఒక్క ముక్క అడగలేదే."