ముందుగారు చెక్కిన మగపేరు

ముందుగారు ఏ పనీ వేళకు చేసి ఎరుగరు. వేళకు ముందే చేసేస్తారు. మామూలు మనుషులు వాన వచ్చాక గొడుగు వెతుక్కుంటారు, తెలివైనవాళ్ళు మబ్బు పట్టగానే వెతుక్కుంటారు. ఆయన నడివేసవిలో గొడుగు వేసుకుని వీధిలో అటూ ఇటూ తిరిగి, "చెయ్యి అలవాటు పడాలి కదా" అనేవారు. ముందుగారన్నది ఊరు పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయన భార్యకు తెలిసే ఉండాలి గాని, ఆవిడ దాన్ని ఎప్పుడు పలికింది గనక! నలభై ఏళ్ళ కాపురాన్ని "ఏమండీ" తోనే లాక్కొచ్చింది.

ఇంటి ముందుగదే ఆయన దుకాణం. వకీళ్ళకీ, డాక్టర్లకీ, కొట్లకీ చెక్క మీద పేర్లు చెక్కి ఇచ్చేవారు. ఒకసారి ఎవరో వకీలు "బోర్డు ఆలస్యం చేశావయ్యా" అన్నాడట. ఆలస్యం! ఆ మాటకి ముందుగారికి వారం రోజులు అన్నం సయించలేదు. అప్పటినుంచీ ఏ బోర్డు పూర్తయినా వెనకవైపు పెన్సిలుతో ఆ రోజు తేదీ వేసి గాని పక్కన పెట్టేవారు కాదు. మళ్ళీ ఎవడైనా ఆలస్యమంటే తిరగేసి చూపించడానికన్నమాట.

పెళ్ళికి పిలిస్తే ముందురోజే వెళ్ళి ఖాళీ హాల్లో మొదటి వరుసలో కూర్చునేవారు. "పెళ్ళి రేపండీ" అని కుర్చీలు దించేవాడు చెబితే, "తెలుసు నాయనా, మంచి చోటు దొరకద్దూ" అనేవారు. బడికి కొత్తగా వచ్చిన పెద్ద పంతులమ్మకు, చేరిన రోజే, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాతి తేదీ వేసి "పదవీ విరమణ శుభాకాంక్షలు" అని బోర్డు చెక్కి ఇచ్చారు. ఆవిడ రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆ బోర్డుని తన గదిలో ఎదురుగా తగిలించుకుంది. పిల్లలు మరీ ప్రాణం తీసిన రోజున దానివంక చూస్తే కాస్త ఓపిక వచ్చేదట.

సొంత కొడుకునైనా వదిలారా? వాడు ఏడో తరగతిలో ఉండగానే "డాక్టరు" అని పేరుకు ముందు పెట్టి నున్నటి బోర్డు చెక్కేశారు. వాడు పెద్దవాడై రొట్టెల బట్టీలో పనికి కుదిరాడు. ఆ బోర్డు మంచినీళ్ళ బిందె మీద మూత అయింది. ఇంటికొచ్చినవాళ్ళు దాహమంటే, "డాక్టర్ని పక్కకి జరిపి ముంచుకోండి" అనేది ఆయన భార్య.

ఇంట్లో పుట్టినవాళ్ళకీ, మెట్టినవాళ్ళకీ వీధి తలుపు పక్కన తలా ఒక బోర్డు ఉండేది. ఆయనది అన్నిటికన్నా ముందు చెక్కింది కాబట్టి అక్షరాలు అరిగిపోయి ఎవరికీ ఆనవు. ఆఖరిది కోడలిది.

కోడలు ఒక బస్సు కండక్టరు కూతురు. పసితనంలోనే తల్లి పోతే ఆ కండక్టరే అమ్మా నాన్నా అయి పెంచాడు. జడ వేయడం చేతకాక, బస్సులో గంట కొట్టే తాడుని మూడు పాయలు చేసి దానిమీద నేర్చుకున్నాడట. దిగాల్సినవాళ్ళంతా జడ లాగి బస్సు ఆపేవారు. ఆయన పోయి ఏడాదైంది. కోడలికి ఆరో నెల వచ్చాక ఒకనాడు భోజనాల దగ్గర మెల్లగా అంది, "మగపిల్లాడు పుడితే మా నాన్న పేరు పెట్టుకుంటాను అత్తయ్యా."

"పెట్టుకో తల్లీ, ఎవరొద్దన్నారు?" అంది ఆవిడ. "ఆడపిల్లయితే మాత్రం మా అమ్మ పేరు. ఇప్పుడే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు."

కోడలు తలూపింది. ఇంకా మొదటి ముద్ద నోట్లో పెట్టని ముందుగారు "కడుపు నిండింది" అని లేచి దుకాణంలోకి వెళ్ళారు.

పన్నెండో తేదీ మంగళవారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. ముందుగారు అప్పటికి మూడు రోజులుగా ఆసుపత్రి వరండాలో కాపురం. చేరడానికి వచ్చిన రోగి అనుకుని నర్సు రెండుసార్లు ఆయన రక్తపోటు చూసింది. ఆవిడ మనవరాల్ని చేతుల్లోకి తీసుకుని, "అచ్చం మా అమ్మే! ఆ ముక్కు చూడు, ఆ చిరాకు చూడు! ఇంకేం, మా అమ్మ పేరే" అని మురిసిపోయింది. "మీ ఇష్టం అత్తయ్యా" అని కోడలు నవ్వి, గోడవైపు తిరిగి పడుకుంది. పాల ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ముందుగారు, "కొట్లో పనుంది" అని వెళ్ళిపోయారు. మర్నాడంతా దుకాణం తలుపు మూసే ఉంది. లోపల ఉలి చప్పుడు.

గురువారం పిల్లని ఇంటికి తెచ్చారు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయింది. కోడలి బోర్డు పక్కన కొత్త బోర్డు. దానిమీద కండక్టరు పేరు. అది ఎవరిని అడిగినా మగపేరే అంటారు. పలికితే చాలు, ఎవరో మీసం మెలేసినట్టుంటుంది.

"ఏమిటండీ ఇది?"

"బోర్డు."

"పుట్టింది ఆడపిల్ల!"

"నాకేం తెలుసే? మగపిల్లాడే అనుకుని మూడు నెలల ముందే చెక్కేశాను. మెరుగు కూడా రెండు పూతలు పట్టించాను. ఇప్పుడు పారేయమంటావా?"

ఎవరైనా నమ్ముతారు. ముందుగారి సంగతి తెలిసిందే కదా. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "డాక్టరు బోర్డు బిందె మీదికి వెళ్ళలేదూ? ఇదీ వెళుతుంది. రెండో బిందెకి మూత లేదు."

"వాడు డాక్టరు కాకపోవడం వాడి తప్పు. ఆడపిల్లగా పుట్టడం దీని తప్పు కాదు. దీన్నెందుకు నీళ్ళమీద పెట్టడం?"

"ఆడపిల్లకి మగపేరేమిటండీ, నలుగురూ నవ్వరూ?"

"దార్లో వచ్చేటప్పుడు దాన్ని నువ్వు ఎన్నిసార్లు 'ఒరేయ్ నాన్నా' అన్నావో లెక్కపెట్టాను. పద్నాలుగు. అది మాత్రం ఆడపేరా?"

ఆవిడ ఆరు రోజులు ఆయనతో నేరుగా మాట్లాడలేదు. చెప్పవలసిందంతా బిందె మీది డాక్టరుకి చెప్పేది. "డాక్టరుగారూ, అన్నం వడ్డించానని ఆయనతో చెప్పండి." కోడలు ఎటూ మాట్లాడలేదు. కాకపోతే ఆ గురువారం మధ్యాహ్నం మారు వడ్డించుకుని తిన్నది, అదీ ఆసుపత్రికి వెళ్ళాక మొదటిసారి.

వీధి వీధంతా సలహాదారులైంది. ఎదురింటావిడ, "ఆ పేరు పెడితే పిల్లకి మీసాలొస్తాయి వదినా" అంది. "మీ ఆయనది మగపేరే కదమ్మా, రాలేదేం?" అన్నారు ముందుగారు. మంగలి, "పెద్దయ్యాక నా దగ్గరికి పంపిస్తారా, అమ్మాయిల పార్లరుకి పంపిస్తారా?" అని వాకబు చేశాడు. జాతకాలు గాని, లెక్కలు గాని, తమ ఇంటి పిల్లల పేర్లు గాని సరిగ్గా గుర్తుండని పెద్దమనుషులంతా ఈ ఒక్క పేరు మీద రెండు పూటలా చర్చలు జరిపారు. లోకం తలకిందులవుతుందని తేల్చారు. ఆ మధ్యాహ్నం ఎప్పట్లాగే నిద్రపోయారు.

పేరు నమోదు చేయించే రోజు వచ్చింది. ఆఫీసు తెరిచేది పదింటికి. ముందుగారు ఏడింటికే వెళ్ళారు. ఇదే అదనని ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుని వీధి తలుపు దగ్గర ముక్కాలిపీట ఎక్కింది. బోర్డు లేకపోతే పేరూ లేదు, మూత మాత్రం ఉంటుంది. రెండు మరలూ ఊడదీసి బోర్డు తిరగేసింది.

వెనక పెన్సిలుతో తేదీ ఉంది. ఈ నెల పదమూడు.

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది. పదమూడే. పిల్ల పుట్టింది పన్నెండున. అంటే మూడు నెలల ముందు చెక్కిందంతా అబద్ధం. ఆడపిల్లని తెలిసి, కళ్ళారా చూసి, మర్నాడు తలుపేసుకుని కూర్చుని ఈ మగపేరు చెక్కాడు మహానుభావుడు! ఆవిడకి ఆసుపత్రిలో గోడవైపు తిరిగిన కోడలి వీపు గుర్తొచ్చింది. ఆ వీపుని తనూ చూసింది. చూసి, బాలింత కదా, నిద్రొచ్చిందనుకుంది. ఆవిడకి సిగ్గేసింది. అడిగితే కోడలు నోరు విప్పదు, విప్పితే అత్తాకోడళ్ళ మధ్య మాట వస్తుంది. అందుకని తిట్లన్నీ తన పిచ్చి మీదకి తోలుకున్నాడన్నమాట.

నలభై ఏళ్ళలో ఈయన ఆలస్యంగా చేసిన పని ఇదొక్కటే. రేపు ఎవరైనా బోర్డు తిరగేసి చూస్తే? ఆవిడ వేలు తడి చేసుకుని ఆ పదమూడుని చెరిపేసింది. దుకాణంలోంచి ఆయన పెన్సిలే తెచ్చి, మూడు నెలల కిందటి తేదీ వేసింది. బోర్డు మళ్ళీ బిగించి, చెప్పులేసుకుని ఆఫీసుకి బయల్దేరింది.

అక్కడ గుమాస్తా ముందుగారి ఎదురుగా ఫారం ఊపుతున్నాడు. "ఇది మగపేరండీ. ఇక్కడేమో ఆడ అని గీత పెట్టారు. రెండిట్లో ఒకటి మార్చాలి. పేరు మారుస్తారా, పిల్లని మారుస్తారా?"

"ముందే చెక్కేశాను బాబూ, నా చేతిలో ఏం లేదు" అంటున్నారు ఆయన.

"రేపు బడిలో అబ్బాయిల వరసలో కూర్చోమంటే? నవ్వులపాలు కాదూ?" గుమాస్తా పక్క బల్లవాడికి ఫారం చూపించి నవ్వాడు.

ఆరు రోజులుగా ఆవిడ అన్నది కూడా ఆ మాటే. కానీ మనింటి పిల్లని మనం అనుకోవడం వేరు, బయటివాడు ఇకిలించడం వేరు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళింది. "నీ పేరేం నాయనా?"

చెప్పాడు. భయమెరుగని వీరుడని దానర్థం. సరిగ్గా అప్పుడే గోడ మీంచి బల్లి ఒకటి ఫైళ్ళ మీద పడింది. వీరుడు కెవ్వుమని కుర్చీ ఎక్కాడు.

"పేరుని బట్టే మనిషైతే ముందు నిన్ను దింపాలి" అంది ఆవిడ, బల్లిని రిజిస్టరుతో తోసేస్తూ. "ఈ పేరు ఆడపిల్లకి పెట్టకూడదని రూలుందా?"

"రూలైతే లేదండీ. అలవాటు లేదు."

"అలవాటు మేం చేస్తాం. నువ్వు దిగి రాయి."

దిగి రాశాడు.

ముందుగారికి దారి పొడుగునా అయోమయం. "ఆపించడానికి వచ్చావనుకున్నానే" అన్నారు చివరికి.

"ఎలా ఆపుతాను? మీరు ముందే చెక్కేశారుగా!"

ఇంటి దగ్గర ఆయన చూపు నేరుగా బోర్డు మీదకి పోయింది. ఒక పక్కకి వంగి ఉంది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అంటూ సరిచేయడానికి మరలు విప్పారు, తిరగేశారు. పెన్సిలు ఆయనది, గుండ్రటి అంకెలు మాత్రం ఆవిడవి. ఆ తేదీని ఆయన చాలాసేపు చూశారు. లోపలి గదిలో కోడలు పిల్లని ఆడిస్తోంది. "లే నాన్నా, ఎంతసేపు పడుకుంటావు నాన్నా, ఇదుగో జడ వేస్తా రా." జడ వేయడానికి ఆ తలమీద ఇంకా నాలుగు వెంట్రుకలు లేవు.

ముందుగారు దుకాణంలోకి వెళ్ళి, పనిబల్ల కిందినుంచి పాత కాగితంలో చుట్టిన చెక్క ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. విప్పింది. వాళ్ళమ్మ పేరు. చుట్టూ సన్నటి లతలు కూడా చెక్కారు. వెనక ఆయన చేతిరాతతో మూడు నెలల కిందటి తేదీ.

"ముందు చెక్కింది ఇదే" అన్నారు ఆయన. "ఆడపిల్లే పుడుతుందని నాకెందుకో తోచింది. నీ సంబరం చూద్దామనుకున్నాను. తర్వాత అలా అయింది."

ఆవిడ ముక్కు ఎగబీల్చి, లతల మీద చెక్కపొట్టు లేకపోయినా ఉన్నట్టే దులిపింది. తర్వాత లోపలికి గొంతెత్తి, "ఏమే అమ్మాయ్! ఈసారి పుట్టేవాడికి మా అమ్మ పేరు. మగపిల్లాడైనా సరే, నేను వినను. బోర్డు వృథా కాకూడదు!" అంది.

కోడలు పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "అదేమిటత్తయ్యా! దీనికింకా పది రోజులైనా నిండలేదు."

"ఈ ఇంట్లో అన్నీ ముందేనే" అంది ఆవిడ. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ బోర్డుకి కూడా చోటు చూడడం మొదలుపెట్టింది.