తువ్వాలు కట్టుకున్న ఫోటో

మా ఆవిడ సంవత్సరీకానికి గోడకు పెట్టే ఫోటో కావలసివచ్చింది. ఆమెకు ఫోటోలంటే గిట్టేది కాదు. పెళ్లినాటివి ఉన్నాయి గాని, వాటిలోని అమ్మాయి నాకప్పటికి ఇంకా కొత్త మనిషి. ఆధార్ కార్డు మీది ఫోటో ఎవరిదైనా కావచ్చు. మిగిలింది నా ఫోనులో ఒక్కటే. పర్చూరు దగ్గర మా కల్లంలో ఎండిన మిరపకాయల మధ్య నిలబడి ఉంది. ఘాటుకు ముక్కూ నోరూ కలిపి తువ్వాలు కట్టుకుంది. కల్లంలో ఆడవాళ్లంతా అలాగే కట్టుకుంటారు.

"మూతికి గుడ్డ కట్టుకున్న ఫోటోకి ఎవరైనా దండేస్తారా బావా? చూసినోళ్లు కరోనాలో పోయిందనుకుంటారు," అన్నాడు ఆమె తమ్ముడు.

గుంటూరు నుంచి వచ్చిన మా మేనకోడలు నా ఫోనులో ఎడిటింగ్ యాప్ ఒకటి ఎక్కించింది.

"ఏం లేదు మావయ్యా, వద్దనుకున్న చోట వేలితో రుద్దు. కింద ఏముంటుందో అదే ఊహించి వేసేస్తుంది."

రుద్దాను. తువ్వాలు పోయింది. దాని చోట పెదవులు, చిరునవ్వు, వరుసగా పళ్లు వచ్చాయి.

"అబ్బ, అత్తయ్య ఎంత బాగుందో!"

"మా అక్క పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లిందే?" అని బావమరిది నవ్వబోయి, తల తిప్పుకున్నాడు. ఆమె ముందుపన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది.

వాళ్లు వెళ్లిపోయాక ఆ పన్ను కోసం మళ్లీ ప్రయత్నించాను. బటన్ నొక్కినప్పుడల్లా కొత్త నోరు వస్తుంది. నవ్వు ఎంత ఉండాలో జరుపుకునే గీత కూడా ఉంది. ఒకసారి సన్నటి పెదవులు, ఒకసారి లావువి. ఏదీ ఆమెది కాదు. విసిగి ఫోను పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాను.

ఆమె నోరు గుర్తు రాలేదు. యాప్ వేసినవే ఒకదాని మీద ఒకటి వచ్చాయి.

ఆమె పోయిన రోజు కూడా నాకంత భయం వేయలేదు. ఇంట్లో అడగడానికి మరో మనిషి లేదు. ఉన్నా ఏమని అడుగుతాను?

మార్పులన్నీ రద్దు చేస్తే తువ్వాలు తిరిగి వచ్చింది. అప్పుడు కళ్లు చూశాను. అవి నవ్వడం లేదు. ఒక కనుబొమ్మ పైకి లేచి ఉంది. చేతిలో ఖాళీ గోతం, దాని మూతి నా వైపు తెరిచి ఉంది. ఆ రోజు కాయలు గోతాలకెత్తుతుంటే నేను సాయం పట్టకుండా ఫోను తీశాను. తువ్వాలు వెనక నుంచి ఆమె అరిచింది.

"ముందీ గోతం పట్టుకోండి! ఫోటోలు తర్వాత తీద్దురుగాని."

ఆ మాటలు పైకే అన్నాను, ఆమె అన్నట్టే. 'ముందీ' అనేటప్పుడు కళ్ల ముందు ఆమె పెదవులు కలిసి విడిపోయాయి. ఎక్కిన పన్ను కనిపించింది. పోతుందేమోనని ఇంకోసారి అన్నాను.

ఫోటో ఉన్నదున్నట్టుగా ప్రింటు వేయించాను. సంవత్సరీకం నాడు బావమరిది దండ పట్టుకుని దాని ముందు కాసేపు నిలబడ్డాడు.

"నిన్నేదో తిడతన్నట్టుంది బావా."

"గోతం పట్టుకోమంటోంది," అన్నాను.