టీచరమ్మగారి ఫోన్ నంబరు

నాకు అక్షరాలు నలభై అయిదో ఏట వచ్చాయి. నేర్పింది రేపల్లెలో మా పక్కింటి టీచరమ్మగారు. అంతకుముందు నా వేలిముద్ర మీద ఎవడేం రాసుకున్నాడో నాకు తెలియదు. సంతకం వచ్చింది, ఇక నన్నెవడూ ముంచలేడనుకున్నాను. వెర్రివాణ్ణి.

తొంభైల చివర్లో నాది పసుపు వ్యాపారం. దుగ్గిరాలలో కొమ్ములు కొని, మర పట్టించి ప్యాకెట్లు కట్టేవాణ్ణి. తెనాలిలో కంప్యూటర్ సెంటర్ పెట్టినతను నా వెంటపడ్డాడు. "బాబాయ్, ఇంటర్నెట్లో మీ పసుపు పేరు రిజిస్టరు చేయించుకోండి. ఇంకోడు పట్టుకుపోతే మళ్ళీ దొరకదు" అన్నాడు. సరేనన్నాను. ఇంగ్లీషు ఫారం, తనే నింపాడు. ఫోన్ నంబరు అడిగితే నా విజిటింగ్ కార్డు మీదున్న పి.పి. నంబరు చెప్పాను. ఫోను లేనివాళ్ళం పక్కింటివాళ్ళ నంబరును అలా అచ్చు వేయించుకునేవాళ్ళం. ఫోనొస్తే వాళ్ళు కేకేసేవారు. నా కార్డు మీదున్నది టీచరమ్మగారి నంబరు. ఇంగ్లీషు రాదని చెప్పుకోవడానికి నామోషీ వేసి, ఈ కాగితం ఎక్కడికి పోతుందని కూడా అడక్కుండా సంతకం పెట్టాను.

ఆవిడ ఆ ఫోను పెట్టించుకున్నది బాపట్లలో గుండెజబ్బుతో ఉన్న చెల్లెలి కోసం. అది మోగితే చాలు, చెల్లెలికేమైందోనని హడలిపోయేది. నెల తిరక్కుండా బొంబాయి నుంచి ఒకడు, ఢిల్లీ నుంచి ఇంకొకడు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. వెబ్‌సైటు కట్టిస్తామంటారు, పేరు అమ్ముతావా అంటారు. అందరూ అడిగేది నన్నే. మోకాళ్ళ నొప్పులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది ఆవిడ.

"ఏమయ్యా, నా నంబరు ఎంతమందికిచ్చావ్? ఇవాళ తొమ్మిదిసార్లు చచ్చి బతికాను" అన్నారు.

మర్నాడే రైలెక్కి తెనాలి వెళ్ళాను. అతను కంప్యూటర్ తెర మీద నా వివరాలు చూపించాడు. ఇంగ్లీషు రాకపోతేనేం, అంకెలు చదవగలను. ఆవిడ నంబరే.

"ఇది ఎవరెవరికి కనపడుద్ది?"

"ప్రపంచంలో ఎవరికైనా బాబాయ్. పేరు ఎవరిదో తెలియాలిగా, అది రూలు."

"సంతకం పెట్టించేటప్పుడు నోరు పడిపోయిందా?"

"మీరు అడగలేదుగా!"

"ఆ నంబరు తీసెయ్."

"ఖాళీగా ఉంచనివ్వరండి. ఏదో ఒకటి ఉండాలి."

"అయితే నీది పెట్టు."

అతను కుర్చీలోంచి లేచాడు. "అన్ని ఫోన్లు నాకొస్తే పనెట్టా చేసుకోను బాబాయ్?"

"ముసలావిడకొస్తే ఫర్వాలేదు, నీకొస్తే పనాగిపోద్దా? పెట్టు. పెట్టేదాకా కదలను."

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని మార్పించాను. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ఏ మార్పు చేయాలన్నా ఆ పేర్లు రిజిస్టరు చేసే కంపెనీవాళ్ళు ఒక ఈమెయిలుకు రాసి అడుగుతారట. ఆ ఈమెయిలు కూడా ఇతనిదే. పేరు నాది, ఔనో కాదో చెప్పేది మాత్రం ఇతను! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అతని మీద సగం, నా మీద సగం.

తెర మీద అంకెలు మారాయి గానీ ఫోన్లు ఆగలేదు. రాసుకున్నవాళ్ళు ముందే రాసుకున్నారు. చివరికి టీచరమ్మగారు ఎక్స్ఛేంజిలో అర్జీ పెట్టి నంబరు మార్పించుకున్నారు. కొత్త నంబరు నాకు చెప్పలేదు. నేను అడగలేదు, ఏ మొహంతో అడగను?

ఆ వారంలోనే చెల్లెలికి రాసిన ఉత్తరం పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చారు. ఎప్పుడూ పోస్టుకార్డు ముక్క మీద రాసే మనిషి. ఈసారి కవరులో పెట్టి, అంచు పొడుగునా జిగురు రాసి అంటించి ఇచ్చారు.