కరక్కాయ ముక్క, నాగమణి కూత

ఇవాళ పచారీ కొట్లో కరక్కాయలు కనపడగానే నాలుక వగరెక్కింది. ఒసేయ్ ఆళ్లగడ్డ కబడ్డీ పిల్లల్లారా, సెల్‌ఫోన్లు లేని ఆ ఏడు మనం ఫైనల్ దాకా పోయింది గుర్తుందా?

మన చిన్న కాలేజీలో ఆట వచ్చిందే ఏడుగురికి. నంద్యాలలో సెమీస్ గెలిచి, తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా గొంతులు చించుకున్నాం. తెల్లారితే ఫైనల్, నాగమణికి చూస్తే మాట పెగల్లేదు. మనకు కూతకు వెళ్లేది అదే. కూత వినపడకపోతే ఔటే కదా! పైగా వాళ్ల నాయన, "కప్పు తెస్తే ఆడు, ల్యాకుంటే రేపట్నుంచి ఇంట్లోనే పడుండు" అనేశాడు. మా అవ్వ పోపులపెట్టెలోంచి తీసిచ్చిన కరక్కాయ ముక్క, గొంతు తెరుచుకుంటుందని దాని బుగ్గన పెట్టించాను.

ఫైనల్లో చివరి కూత. ఒక్క పాయింటు వెనకున్నాం.

"గొంతు ల్యాకుండా యాడికి పోతావ్ మే?" అన్నాను.

"ఇంటికి పోయేదానికంటే ఆడికి పోయేదే మేలు" అని గుసగుసగా చెప్పి గీత దాటింది.

ఇద్దరు కాళ్లు పట్టి పడేశారు. మోచేతులు దోక్కుపోతున్నా పాకుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మనకేమీ వినపడట్లేదు. రెఫరీ నేల మీదికి వంగి దాని నోటి దగ్గర చెవి పెట్టాడు. వేలు నడిగీతకు తగిలింది, పట్టుకున్న ఇద్దరూ ఔట్. ఈల మోగింది. రెఫరీ చెయ్యి మనవైపు లేచింది.

మనం మీదపడి అరుస్తున్నా అది లేవలేదు.

"గెల్చినాం మే, ఆపు!" అని కుదిపాను.

బుగ్గలో కరక్కాయ, నోటినిండా మన్ను, ఇంకా "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉంది. ఆపితే ఇంట్లో కూర్చోబెడతారని దాని భయం.